టాంకు మీద దుమ్ము

"నీళ్లు ఎక్కువైనయనుకో, రంగు కారిపోతది," అన్నాడు సంజీవ్.

పుష్పాబాయి కుంచెను గుడ్డకు తుడిచింది. ఇంతకీ ఎంత ఉందని ఆ టాంకు? అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. దాని మీద కుంచె ఆనించాలంటే ఊపిరి బిగబట్టాలి. మిరపకాయలు కోసి కోసి మొద్దుబారిన వేళ్లాయె ఆమెవి.

ఈ ఆదివారం సూర్యాపేటలో ఆట ఉంది. బల్ల నిండా గుట్టలు, వాగులు, ఊళ్లు పేర్చి, ఇంతింత టాంకులూ జీపులూ నిలబెట్టి, పాచికలేసి యుద్ధం చేస్తారు. చిన్నపిల్లలేం కాదు, ఉద్యోగాలు చేసుకునే పెద్దపిల్లలే. వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. రంగు పూర్తికాని బండి బల్లెక్కకూడదు. ఎవరి బండి మీద వాళ్ల ఇంటి చెయ్యే పడాలి. సంజీవ్ టాంకు ఒక్కటే మిగిలిపోయింది, వట్టి పచ్చరంగు పూతతో, ఇప్పుడే షాపులోంచి తెచ్చినట్టు మెరుస్తూ. యుద్ధానికి పోయిన బండి ఎక్కడైనా మెరుస్తుందా? తుప్పు పట్టాలి, మసి పట్టాలి, మట్టి కొట్టుకోవాలి.

వాడు మొదటిసారి ఈ పని పెట్టుకున్నప్పుడు ఆమె పడీపడీ నవ్వింది. "కొత్త బండి కొని మట్టి పూస్తవారా? గంత సోకైతే ఇల్లు అలకరాదూ!" అంది. ఇప్పుడు తనే చాపేసుకుని కూర్చుంది.

పొద్దున మిర్యాలగూడ నుంచి గోపి ఫోన్ చేశాడు. సంజీవ్‌కు ఇంటర్ నుంచీ దోస్తు.

"అమ్మా, బండి నాకు పంపియ్యరాదు? నేను చేసి పెడ్త."

"నువ్వెందుకు బిడ్డా? మా సంజీవ్ చెప్తనే ఉన్నడు, నేను చేస్తనే ఉన్న. ఆదివారం దాంక అయిపోతది."

"సరేనమ్మా," అన్నాడు గోపి. "తిన్నవా మరి?"

కోదాడ మార్కెట్‌లో హమాలీ పనికి బయలుదేరుతూ దేవ్‌సింగ్ భార్య వైపు చూశాడు.

"మళ్ల కూసున్నవా? ఇయ్యాల గూడ కూలికి పోవా?"

"జర సప్పుడు చెయ్యకు. వాడు చెప్పేది ఇనవడ్తలేదు."

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"ఇగ తుప్పు," అన్నాడు సంజీవ్. "స్పాంజి ముక్కను రంగుల ముంచి, కాగితం మీద ఒత్తి, రంగు శానా మట్టుకు పోయినంక అంచుల మీద అద్దాలె. దెబ్బలు అంచులకే తగుల్తయి."

ఆమె అద్దింది. ఒకచోట చుక్క పెద్దదై పుండులా కనిపించింది. తుడిచేసి, మళ్లీ చెప్పించుకుంది. వాడు మళ్లీ చెప్పాడు, విసుక్కోకుండా, అదే నిదానంతో. చిన్నప్పుడు ఒక్క ఎక్కం రెండోసారి చదవమంటే పలక విసిరికొట్టిన పిల్లవాడు! ఎంత ఓపిక వచ్చిందో.

"బురదకు అసలు మట్టి మాత్రం పెట్టొద్దు. ఎండినంక పెచ్చులూడి రాల్తది."

పుష్పాబాయి నాలిక కరుచుకుంది. మొన్న చేసింది అదే మరి. వాడు వద్దంటూనే ఉన్నాడు, ఈమే వినలేదు. ఊరినిండా మట్టి పెట్టుకుని రంగుతో మట్టి చెయ్యడమేమిటని వరిమడిలోంచి నల్లమట్టి తెచ్చి చక్రాలకు మెత్తింది. తెల్లారి చూస్తే అదంతా చాప మీద పొడి అయి ఉంది.

"బురద చక్రం ఇసిరినంత మేరకే పడ్తది. మడిల నుంచి ఎల్లిన ట్రాక్టర్‌ను సూస్తే తెలుస్తది."

"నాట్లేసి నాట్లేసి నడుము ఇరిగింది నాది. బురద సంగతి నాకు చెప్తున్నవారా?"

సంజీవ్ నవ్వాడు. పెదవి ఒక పక్కకు లాగి నవ్వే ఆ నవ్వు కోసమే ఆమె ఆ మాట అంది.

మధ్యాహ్నానికి టాంకు రూపే మారిపోయింది. ఎంతో దూరం పోయి, ఎన్నో చూసి వచ్చినట్టు అలసిపోయి కనిపించింది. ఇక మిగిలింది దుమ్ము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూళ్లలో వెతికినా సంజీవ్ వేసినట్టు దుమ్ము ఎవరికీ రాదట. ఆ సంగతి గోపీయే చెప్పాడు. అదొక్కటీ తెలిస్తే చాలు, ఆదివారం బండి బల్లెక్కుతుంది.

సంజీవ్ గొంతు తగ్గించాడు.

"దుమ్ములనే ఉంటది అసలు కిటుకు. మఠంపల్లి దిక్కు సిమెంటు లారీలను సూడు. దుమ్ము అంతట ఒక్క తీరుగ ఉండది. నేనేం జేస్తనంటే..."

పుష్పాబాయి ముందుకు వంగింది.

"ఒరేయ్ సంజూ! రొట్టె సల్లారిపోతున్నది. ఎన్నిసార్లు పిలవాలె నిన్ను? ఆ బొమ్మలు బందువెట్టి రా!"

వంటింట్లోంచి ఆడమనిషి కేక.

పుష్పాబాయికి ఒళ్లు మండిపోయింది. ప్రతిసారీ ఇంతే. సరిగ్గా ఈ మాట దగ్గరికి వచ్చేసరికే ఆ మనిషి గొంతు లేస్తుంది. ఒక్క నిమిషం ఆగితే రొట్టెకేం పుట్టి మునుగుతుంది? చెప్పే మాట నోట్లో ఉండగానే పిల్లవాణ్ణి లేపాలా?

"వస్తున్ననే," అన్నాడు సంజీవ్. కుంచె పక్కన పెట్టాడు. "మిగిలింది తిన్నంక చెప్త."

లేచి వెళ్లిపోయాడు.

పుష్పాబాయి రంగంటిన వేలు కొంగుకు తుడుచుకుని, చనిపోయిన కొడుకు ఫోన్‌లో వాడు తీసుకున్న వీడియోను మళ్లీ మొదటికి జరిపింది, ఈసారైనా వంటింట్లోంచి తన గొంతు వాణ్ణి పిలవకుండా ఉంటుందేమోనని.