గూడుకి గోడు

"తాతా, ఈ తేనెపెట్టెకి ప్రాణం లేదు. ఎంత తట్టినా పలకట్లేదు," అంది ఉర్తే. ప్రాణమున్నవేవో లేనివేవో చూసి రమ్మంది బళ్లో టీచరు.

"అవి చెక్కపలకలే పిల్లా, పలకవు! పలకాల్సింది లోపలి ఈగలు," అంటూ కజీస్ తాత చలికాలం తర్వాత మొదటిసారి మూత తీశాడు.

ఈగలన్నీ అడుగున రాలి ఉన్నాయి.

"చచ్చాయా?"

"ఛ! గొడ్లు చస్తాయి. మన లిథువేనియాలో తేనెటీగలు మనుషుల్లాగే కన్నుమూస్తాయి."

"నాయనమ్మలాగానా?"

తాత మూత తిరిగి పెట్టేశాడు. ఈగల్ని పెంచినామె పోతే ఆ కబురు పెట్టె తట్టి వాటికి చెప్పాలి. చెప్పకపోతే అవీ వెంటే పోతాయంటారు. తన భార్య అగోటా పోయినప్పటినుంచీ "ఇదిగో వచ్చేస్తుంది" అని వాటితో బొంకుతూనే ఉన్నాడు. ఊరందరితో ఛలోక్తులాడే నోరు, గూడుకి గోడు చెప్పుకోవడానికి పెగల్లేదు.

ఇంకొక్క పెట్టె మిగిలింది. తాత టోపీ తీసి, దాని ముందు మోకరిల్లి, వేలితో మెల్లగా తట్టాడు.

"అమ్మలూ... మీ అగోటా... కన్నుమూసిందర్రా."

లోపల సన్నగా రొద లేచింది. ఉర్తే పెట్టెకి చెవి ఆనించింది.

"దీనికి ప్రాణముంది తాతా," అంది గుసగుసగా. "ఏడుస్తోంది."