డేనీ కోసం ఉపవాసం

సుగుణకుమారి పదోసారి కిటికీ దగ్గరికి వెళ్లి వచ్చింది.

బయట మబ్బు కమ్మి ఉంది గాని వాన పడటం లేదు. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన ఉన్న ఈ డార్విన్‌లో నవంబరంతా ఇంతే. ఆకాశం ఉరుముతుంది, చుక్క రాలదు, మనిషికి కాలు నిలవదు.

బల్ల మీద పాత కాఫీ సీసాలో మట్టిరంగు పొడి ఉంది. ఆఫ్రికాలో పెరిగే ఏదో పొద వేరు బెరడు. పోర్టులో పనిచేసే హెంక్ అనే డచ్చివాడు ఇచ్చాడు. పదేళ్లు హెరాయిన్‌తో బతికిన మనిషి, అది తిని రెండేళ్ల క్రితం మానేశాడట.

"అక్కడి పెద్దవాళ్లు పూజల్లో తింటారంట అమ్మా. వాళ్లకిది దేవుడి చెట్టు," అన్నాడు డేనీ. పందొమ్మిదేళ్లవాడు. భుజాల దాకా జుట్టు, యూనివర్సిటీలో రెండో సంవత్సరం.

"ఎంతసేపుంటుంది?"

"ఒకటిన్నర రోజు. చిన్నప్పట్నుంచి జరిగినవన్నీ కళ్ల ముందుకొస్తాయంట. పొట్ట మాత్రం ఖాళీగా ఉండాలి. హెంక్ నాలుగింటికి వచ్చి పక్కనే కూర్చుంటానన్నాడు."

"గుండె?"

"ఈసీజీ ఓకే కదా. రిలాక్స్."

"నీకు భయంగా లేదూ?"

"ఉంది," అన్నాడు డేనీ.

ఆమె మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లింది. పద్నాలుగేళ్లుగా నర్సు. మానిపించే మందులు రెండు రకాలు ఇంటికే తెచ్చి చూసింది. రెండూ పనిచెయ్యలేదు. ఇది కూడా పనిచెయ్యకపోతే ఇక పోలీసులో, శ్మశానమో.

కారు ఆగిన చప్పుడైంది. డేనీ సీసా తీసి బియ్యం డబ్బా వెనక పెట్టాడు.

వచ్చింది విద్యావతి. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. పోయిన నెల ఈ ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నప్పుడు, బాత్రూం చెత్తబుట్టలో వాడేసిన సూది ఆవిడకే కనబడింది. చేతిరుమాలులో పట్టుకొచ్చి అందరి ముందూ అడిగింది. 

"అది నాది ఆంటీ," అన్నాడు డేనీ.

ఆ రోజు నుంచి తండ్రి రాయప్ప వాడితో మాట మానేశాడు. ఇప్పుడు ఆఫీసు పని మీద కేథరిన్ అనే ఊరు వెళ్లాడు, సోమవారం దాకా రాడు.

"వందనాలు సుగుణా. ఏంటమ్మా ఆ వాలకం? ఇంత ఉక్కలో పొడుగు చేతుల జాకెట్టేంటి?"

"చలి పెడుతోందక్కా."

విద్యావతి చెయ్యి పట్టుకు చూసింది. రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కళ్లూ ముక్కూ కారుతున్నాయి.

"ఏడ్చి ఏడ్చి ఇలా అయిపోయావు," అని డేనీ వైపు తిరిగింది. "చూడరా. నిన్న పొద్దుట్నుంచి మెతుకు ముట్టలేదు మీ అమ్మ. ఎవరి కోసం? నర్సు కడుపున పుట్టి సూదులు నేర్చావు."

"సారీ ఆంటీ."

"నాకెందుకు సారీ. మీ అమ్మకి చెప్పు."

"వాడినేమీ అనకక్కా," అంది సుగుణకుమారి.

"నువ్విలా వెనకేసుకొస్తేనే ఇట్లా తయారయ్యాడు."

విద్యావతి తెచ్చిన డబ్బా మూత తీసింది. పులిహోర. "నువ్వు తినరా. ఉపవాసం మీ అమ్మకి గాని నీక్కాదుగా."

డేనీ నిలబడే నాలుగు ముద్దలు తిన్నాడు.

తర్వాత ముగ్గురూ మోకరించారు. విద్యావతి వాడి తల మీద చెయ్యి పెట్టి, ఈ బిడ్డ బానిసత్వం తెంచమని దేవుణ్ని చాలాసేపు అడిగింది. సుగుణకుమారి మోకాళ్ల మీద కుదురుగా ఉండలేకపోయింది. ఆవులింతలు ఆపుకుంటూ అటూ ఇటూ కదిలింది. ఆమెన్ మాత్రం డేనీయే గట్టిగా అన్నాడు.

గుమ్మం దగ్గర విద్యావతి గొంతు తగ్గించింది, వాడికి వినబడేంతగానే. "కారు తాళాలు దాచిపెట్టు సుగుణా. ఇలాంటోళ్లు మధ్యలో పారిపోతారు."

"దాచే ఉన్నాయి ఆంటీ," అన్నాడు డేనీ, జేబు తడుముకుంటూ.

ఆవిడ కారు వీధి మలుపు తిరిగింది. ఉరిమింది. ఇంకా వాన రాలేదు.

నాలుగింటికి హెంక్ వచ్చి మంచం పక్కకి కుర్చీ లాక్కున్నాక, డేనీ పొడిని తేనెలో కలిపి, తల్లి జాకెట్టు చేతిని సూది మచ్చల పైదాకా మడిచి నాడి చూసి, "నోరు తెరువమ్మా," అంటూ చెంచా అందించాడు.