అరిగిన అంకెలు

వీరభద్రం ట్రాంబోన్ ఇత్తడి గొట్టం మీద భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. ఫిలింనగర్‌లో బ్యాండు వాయిద్యాలు బాగుచేసేది ఆయనొక్కడే.

"దీని మీద కొట్టిన కంపెనీ నంబరుల ఆఖరి రెండంకెలు లేవమ్మా. ఏ నంబరు ఏ ఏడాదిదో కంపెనోళ్లు పంపిన లిస్టుల సగం ఏండ్లు లేనే లేవు. ఉన్నయాటితోనన్న పోల్చాలంటే నంబరు మొత్తం ఉండాలె."

"ఏ సంవత్సరానిదో రాసిస్తేనే తీసుకుంటారటండీ," అంది లీలాకుమారి.

జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత పాత వాయిద్యాల కోసం గది కట్టించాడు. ఒక్కోదాని కింద అది తయారైన సంవత్సరం, వాయించినవాళ్ల పేరు రాసి పెడుతున్నాడు. ముప్పై ఏళ్లు సినిమా పాటలకు ఈ ట్రాంబోన్ వాయించినా ఆమె భర్త కాశీవిశ్వనాథం పేరు ఒక్కసారీ తెర మీద పడలేదు.

ఆయన ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు.

"అంకెలు వాటంతటవి పోలే. గట్టిగ రుద్దిండ్రు. దేంతోని తోమిండ్రమ్మా?" అన్నాడు వీరభద్రం.

"చింతపండు, ఇటుకపొడి. ఏటా ఆయుధపూజకి నేనే..."

లీలాకుమారి మెల్లగా భర్త వైపు తిరిగింది.

"మీరు చూళ్లేదా?"

"చూశాను. పదేళ్ల కిందటే పోయాయి."

"మరి నాకు చెప్పలేదేం?"

కాశీవిశ్వనాథం ట్రాంబోన్‌ని ఒళ్లోకి తీసుకున్నాడు.

"కీబోర్డులొచ్చాక నన్ను రికార్డింగులకి పిలవడం మానేశారు. ఏడాదికోసారైనా దీన్ని పెట్టెలోంచి తీసేది నువ్వొక్కదానివే. చెబితే అదీ మానేస్తావనుకున్నాను."