వరుస తప్పిన చుక్క

ఉపగ్రహాల వెలుగు ఆకాశమంతా కమ్మేశాక నక్షత్రాలు కనబడడం మానేశాయి. పెనుకొండ బస్టాండు ఎదుట ఆకాశం ఫొటోలు నేర్పే ఓబులేసు, గిరాకీ ఉన్న సరుకే అమ్మాలి కనుక, ఉపగ్రహాల బారులనే నున్నగా, అందంగా తీయడం నేర్పుతున్నాడు. అయినా ఎవరి కెమెరాలోనైనా ఒక్క నక్షత్రం పడకపోతుందా అన్న ఆశ చంపుకోలేదు.

ఒక మధ్యాహ్నం, కొత్తగా చేరిన రేణమ్మ పోటీకి పంపే ఫొటో తెచ్చింది.

"మా మిద్దె మీంచి తీస్తినన్నా. ఈ మూల మచ్చ పడింది, చూడు."

ఓబులేసు ఆమె ఫోనులోనే ఫొటోను పెద్దది చేశాడు. బారులకు ఎడంగా ఎర్రటి చుక్క ఒంటరిగా ఉంది. అతను ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"మచ్చ గాదమ్మా. నిజమైన నక్షత్రం."

"అయితే కానీలే. అందరివీ నున్నగా ఉంటే నాదొక్కటి ఈగ వాలినట్టుంటే ఎవురు మెచ్చుతారు? నువ్వు నేర్పిందేగా, మచ్చ ఉండకూడదని."

బేరం చెడగొట్టుకోవడం ఓబులేసుకు చేతకాదు. ముందు తన కంప్యూటర్లోకి ఒక ప్రతి తీసుకుని, తర్వాత ఆమె ఫోనులోని ఫొటోలో చుక్క తుడిచి ఇచ్చాడు.

"ఇప్పుడు ఆకాశం మాదిరి ఉంది," అని ఆమె సంతోషంగా వెళ్లిపోయింది.

ఓబులేసు తలుపు వేసుకుని తన ప్రతి తెరిచాడు. చుక్క లేదు. లోపలికి వచ్చే ప్రతి ఫొటోలో మచ్చలు అడగకుండానే తుడిచేయమని ఆ కంప్యూటర్‌కు అలవాటు చేసింది అతనే. ఎంత వెతికినా చుక్క తిరిగి రాలేదు.

సాయంత్రం కొత్తవాళ్లు వచ్చి కూర్చున్నారు. మొదటి పాఠం మచ్చలు తుడవడం. ఓబులేసు నేర్పాడు.