వినడానికో గది

శౌరి గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టాడు. గోడలు ఠంగుమని తిరిగి కొట్టాయి.

"ఇంకా మోగుతోంది," అన్నాడు పళ్లు కొరుకుతూ.

శబ్దాన్ని మింగే పలక ఇంకోటి కావాలి. ఫిల్మ్‌నగర్‌లో విప్పేసిన సెట్ల దగ్గర ఏరుకొచ్చిన చెక్కలతో చట్రాలు, వాటిలో పరుపులు చించి తీసిన దూది, పైన గోనెగుడ్డ. మూలల్లో చుట్టలు చుట్టిన దుప్పట్లు. ఇంట్లో ఇక పడుకోవడానికి చాపలే మిగిలాయి.

జూబ్లీహిల్స్‌లో సినిమాలకు సౌండ్ మిక్సింగ్ చేసే మనిషి శౌరి. పరిశ్రమలో అతని చెవికి పెద్ద పేరు. ఇప్పుడు ఆశంతా ఆ చెవి మీదే.

ఆ గది కూతురు జెరూషది. తను పనిచేసే స్టూడియో ఓనరు కొడుకుతో దానికి సంబంధం ఖాయం చేసి వచ్చాడు. పిల్ల వద్దంది. బతిమాలింది, ఏడ్చింది. శౌరి దాని ఫోన్ లాక్కుని, ఈ గదిలోకి తోసి, బయట గొళ్లెం పెట్టాడు. అదంతా పిల్ల మంచికే అనుకున్నాడు మహానుభావుడు. మర్నాడు స్టూడియో నుంచి వచ్చేసరికి గది ఖాళీ. పొద్దున హడావుడిలో గొళ్లెం సరిగ్గా పెట్టలేదని ఇప్పటికీ తలబాదుకుంటున్నాడు.

తర్వాత ఒకరోజు అతను స్టూడియోలో ఉండగా ఏదో కొత్త నంబరు నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"నాన్నా, నేను బాగానే ఉన్నాను. ఒక్కదాన్నే ఉన్నాను. నన్ను వెతకొద్దు."

వెంటనే ఫోన్ చేశాడు. స్విచాఫ్.

ఒక్కదాన్నే అంది. కానీ దాని మాట అయిపోయాక, బండ్ల రొద కింద ఇంకో గొంతు ఉంది. ఎవరిదో, ఏమందో తెలియదు. ఎవడో పక్కన నిలబడి దాని చేత ఆ మాటలు చెప్పిస్తున్నాడు! ఆ ఆలోచన పుట్టినప్పటి నుంచి శౌరికి ముద్ద దిగడం లేదు. పిల్ల ఎవడి చేతుల్లో పడిందో, తిండి పెడుతున్నాడో లేదో.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. ఒకటే బుస. ఫిల్టర్లు వేసి రొద నొక్కితే ఆ గొంతు కూడా నలిగిపోతోంది. పెద్ద స్పీకర్లలో, గోడలు నోరు మూసుకున్న గదిలో వింటేనే అది విడిగా దొరుకుతుందని అతని నమ్మకం. స్టూడియోలో అలాంటి గది ఉంది. కానీ అది కాబోయే వియ్యంకుడిది. పిల్ల పిన్ని వాళ్లింటికి వెళ్లిందని ఆయనకు అబద్ధం చెప్పి ఉన్నాడు. అందుకే ఇంట్లోనే ఈ గది.

పోలీసుల దగ్గరికి వెళదామంటే భార్య తబిత చేతులు పట్టుకుంది.

"వద్దండీ. టీవీలకెక్కుతుంది. ఆడపిల్ల బతుకు."

అదీ నిజమేననిపించింది.

సుత్తి మోతకు వాచ్‌మన్ భిక్షం పైకొచ్చాడు.

"సార్, జర ఆపుండ్రి. కింద మేడమ్ లొల్లి చేస్తున్నరు. గంతగనం ఏం కడుతున్నరు? గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికిస్తే అయిపోతది గద!"

ఇంకో రోజయితే శౌరి అతన్ని కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పేవాడు. ఇవాళ మొహాన తలుపేశాడు.

గోనెగుడ్డ కుట్టే పని తబితది. అదీ తెమలడం లేదు. కుట్టింది కుట్టినట్టు విప్పుతోంది.

"వంకర పోయిందండీ."

"పోతే ఏంటే! ఇదేమన్నా పెళ్లి జాకెట్టా?" అని అరిచాడు.

తబిత కళ్లు తుడుచుకుంది. తల్లి ప్రాణం, చేతులు ఆడటం లేదు పాపం అని తనే మెత్తబడ్డాడు. పక్కన చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఎక్కడున్నా క్షేమంగా ఉంటే చాలు తబితా."

ఆమె చేతిలో సూది ఆగింది. "క్షేమంగా ఉంటే చాలా? ఇంకేం అడగరా?"

"ముందు దొరకనీ. ఆ ఆదివారమే చర్చిలో ప్రధానం చేసేస్తా. ఉంగరం తొడిగేదాకా దాన్ని గుమ్మం దాటనివ్వను."

తబిత తల వంచుకుంది. కుట్టు మళ్లీ విప్పడం మొదలుపెట్టింది.

చివరికి శౌరి తనే సూది తీసుకుని కుట్టేశాడు. వేళ్లు పొడుచుకున్నాడు, లెక్కచెయ్యలేదు. ఆఖరి పలక గోడకెక్కింది. చప్పట కొడితే శబ్దం చేతుల్లోనే చచ్చిపోయింది.

ఫ్యాన్ కట్టేశాడు. కిటికీకి మిగిలిన పరుపు అడ్డం పెట్టాడు. స్పీకర్లకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడే వద్దండీ," అంది తబిత గుమ్మంలోంచి. "ముందు రెండు ముద్దలు తినండి."

"నువ్వూ వచ్చి విను. వాడి గొంతు నువ్వైనా గుర్తుపడతావేమో."

ఆమె వచ్చి కింద కూర్చుంది. కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకుంది. శౌరి ప్లే బటన్ నొక్కాడు.

"నాన్నా..."

జెరూష ఎదురుగా నిలబడి పిలిచినట్టే ఉంది. శౌరి కళ్లు నిండిపోయాయి. బాగానే ఉన్నాను అంది. ఒక్కదాన్నే అంది. వెతకొద్దు అంది. ఆ వెనకాల ఆటో హారన్. దాని కింద ఆ గొంతు, ఈసారి విడిగా, మాట మాటా తేటగా వినిపించింది.

"చాల్లేమ్మా, ఇక పెట్టెయ్, మీ నాన్న వచ్చే వేళకి నేను ఇంట్లో ఉండాలి," అంటోంది స్పీకర్లలోంచి తబిత గొంతు.