వంకలమ్మ కోటు

"నడుం దగ్గర మళ్లీ లూజయింది," అంటూ ఆవిడ గౌను తెచ్చి మిషను మీద పెట్టింది.

టైలరమ్మకి ఒళ్లు మండింది. మొన్ననే కుట్లు విప్పి, లోపలికి పట్టి, ఆవిడ చేత తొడిగించి చూసి మరీ పంపిన గౌను. అప్పుడు ఒంటికి అతికినట్టుంది. ఇంతలో లూజెలా అవుతుంది? గుడ్డేమైనా ఇంట్లో కూర్చుని పెరుగుతుందా?

ఇది మొదటిసారి కూడా కాదు. అందుకే మనసులో ఆవిడకి వంకలమ్మ అని పేరు పెట్టేసుకుంది.

పైగా వంకలమ్మ సరిగ్గా బడి వదిలే వేళకే వచ్చేది. టైలరమ్మ కూతురు అప్పటికి దుకాణానికి చేరి, బొత్తాల డబ్బా ముందేసుకుని కూర్చుని ఉండేది.

ఆ పిల్లకి పైన ముందు పళ్లలో ఒకటే వచ్చింది. దాని జోడీ జాడే లేదు. బళ్లో అందరూ 'కిటికీ' అని పిలవడం మొదలెట్టారు. అప్పట్నుంచీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది లేదు. జవాబు తెలిసినా తరగతిలో లేచి చెప్పడం మానేసింది. తల్లి ప్రాణం ఉసూరుమనేది.

వంకలమ్మ దగ్గర మాత్రం ఆ చెయ్యి ఎలా జారిపోయేదో! మీ అమ్మ నా గౌనుని లోలోపల తిట్టుకుంటోంది, పాపం దానికి వినబడుతుందేమో చూడు, అనేది. పిల్ల పకపకా నవ్వేది. నవ్వినప్పుడల్లా ఆవిడ కళ్లు పిల్ల నోటి మీదే ఉండేవి.

"ఆ రెండో పన్ను కోసం ఇంక ఎదురుచూడకు టైలరమ్మా. మలుపులో పళ్ల ఆసుపత్రి ఉంది కదా, ఎక్స్‌రే తీయించు," అందొక రోజు.

అదే వస్తుందిలెండి అంది టైలరమ్మ. తర్వాతి సారీ అదే మాట, ఆ తర్వాతా అదే మాట. ఇక ఉండబట్టలేక నోరు జారింది.

"ఆ ఆసుపత్రివాళ్లు మీకేమైనా కమిషనిస్తారా?"

ఆవిడ నవ్వేసింది.

ఆ తర్వాత గౌను బదులు ఓ తెల్లకోటు తెచ్చింది. అది తనక్కాదట, తనకన్నా సన్నటి అమ్మాయికట. ఆ అమ్మాయి కొలతలు నోటితోనే చెప్పింది. ఏ బడి లేబొరేటరీలోనో పనేమో అనుకుంది టైలరమ్మ. అడగలేదు. తెల్లదారం అయిపోతే చంకల కింది కుట్టు లేత నీలం దారంతో కానిచ్చేసి, ఇక చూస్కో ఎన్ని వంకలు పెడుతుందో అని కాసుక్కూర్చుంది.

ఆవిడ కుట్టు నిమిరి చూసి, బాగుంది అంది.

మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగింది.

"ఒక్కసారి చూపించు. ఏమీ లేదన్నారంటే ఇక నీ దుకాణం మెట్లెక్కను."

పీడా విరగడవుతుందని టైలరమ్మ మర్నాడే పిల్లని తీసుకెళ్లింది.

ఎక్స్‌రే చూపిస్తూ చెప్పింది అక్కడి కుర్ర డాక్టరమ్మ. చిగుళ్ల లోపల ఓ బుల్లి పన్ను, ఉండాల్సింది కాదు, దారికి అడ్డంగా కూర్చుంది. దాని వెనక అసలు పన్ను పక్కకి ఒరిగిపోయి ఉంది. వేరు ఇంకా పెరిగే వయసే కాబట్టి అడ్డం తీసేసి, చిగురు కాస్త తెరిచి, పన్నుకి చిన్న కొక్కెం అతికించి, తీగతో మెల్లమెల్లగా కిందికి దించుకోవచ్చు. ఆలస్యమైతే వేరు వంగిపోయి పన్ను దక్కకుండా పోయేదేమో అంది.

టైలరమ్మ పిల్లని దగ్గరికి లాక్కుంది. ఆ వెంటనే వంకలమ్మ గుర్తొచ్చింది.

ఏమీ లేకపోతే రానంది. ఉందని తేలింది కదా, మరి రావాలిగా!

రాలేదు. తీగ బిగించిన రోజల్లా పిల్ల మూలుగుతూ, గౌను అత్త ఏదమ్మా అని అడిగేది. చిగురులోంచి తెల్లటి అంచు తొంగిచూసిన రోజున టైలరమ్మ మంచి గుడ్డ తీసి, ఆవిడ కొలతలకే కొత్త గౌను కుట్టి తగిలించింది. వచ్చి ఎన్ని వంకలు పెట్టినా పడాలనుకుంది.

తీగలు తీసేసే రోజు వచ్చింది.

ఆ రోజున పిల్లతో డాక్టరమ్మ ఫొటో దిగడం అక్కడి అలవాటు. రోజూ వేసుకునే ఆకుపచ్చ చొక్కా మీద, మేకుకున్న తెల్లకోటు తీసి తొడుక్కుంది. చెయ్యెత్తినప్పుడు చంక కింద లేత నీలం కుట్టు కనిపించింది.

"ఈ కోటు..." అంది టైలరమ్మ.

"మా పెద్ద డాక్టరమ్మది. ఈ ఆసుపత్రీ ఆవిడదే. జబ్బుతో సగమైపోయారు. ఇక కోలుకోలేనని తెలిశాక దీన్ని నాకు సరిపడేలా చేయించి ఇచ్చారు. మీ పాప ఎక్స్‌రే ఇంటికి తీసుకెళ్లి ఆవిడకి చూపించాను. 'తీసుకొచ్చిందన్నమాట' అని నవ్వుకున్నారు. ఎవరి గురించో నాకర్థం కాలేదు. ఆ వారమే పోయారు."

గుడ్డ పెరగలేదు. మనిషి తరిగిపోయింది. ఆ నడుం చుట్టూ ప్రతిసారీ టేపు పట్టింది టైలరమ్మే.

ఫొటోకి పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, రెండు పళ్లూ కనబడేలా నవ్వింది. తల్లి కళ్లు తుడుచుకుంది.

"నా కుట్టు ఆవిడకి ఎప్పుడూ నచ్చేది కాదమ్మా."

డాక్టరమ్మ తెల్లబోయి చూసింది.

"ఆ టైలరమ్మ మీరేనా? మీరు కుట్టిన గౌనులోనే తనని సాగనంపమని మరీ మరీ చెప్పి పోయారండీ."