రాని చెక్కు

కరెంటుతో నడిచే పోస్టు బండి వచ్చినప్పుడు చప్పుడు చెయ్యదు. ఏమరుపాటుగా ఉంటే దాటిపోతుంది. అందుకే వీరవెంకటసత్యనారాయణ పొద్దున్నుంచీ గేటు దగ్గరే కాపలా కాస్తున్నాడు.

అసలు ఈ తిప్పలన్నీ ఆ పొడుగు పేరు వల్లే వచ్చాయి. సిడ్నీలో అందరూ వీర అని పిలుస్తారు. పాస్‌పోర్టులో మాత్రం పేరు పూర్తిగా ఉంది. బ్యాంకు కంప్యూటర్లో అంత చోటు లేక అది సగంలో తెగిపోయింది. రెండు పేర్లూ కలవడం లేదు, తేలేదాకా నిరుద్యోగ భృతి అకౌంటులో వెయ్యలేం, చెక్కు పోస్టులో పంపుతాం అన్నారు ఆఫీసువాళ్లు. తర్వాత ఫోన్ చేస్తే, పంపేశాం అన్నారు.

చెక్కు మాత్రం రాలేదు.

పనిచేసే గోడౌన్ మూతబడిన దగ్గర్నుంచి ఇల్లు ఎలా నడుస్తోందో వీరకే అర్థం కావడం లేదు. పెండిల్ హిల్‌లో బాలమురళి కిరాణా కొట్టు ముందునుంచి వెళ్లడం మానేశాడు. పాపం, ఆయన బాకీ అడగడు. "బాగున్నారా వీరగారూ" అంటాడు. ఆ మాటకే వీరకి తల కొట్టేసినట్టుంటుంది.

ఇంటి ఏజెంటుకి అంత మొహమాటం లేదు. నిన్న ఫోన్ చేసి తేల్చి చెప్పేశాడు. శుక్రవారం సాయంత్రంలోగా అద్దె బకాయి కట్టకపోతే వ్యవహారం అద్దె తగాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్తుంది. ఆపైన ఇల్లు ఖాళీ చెయ్యడమే.

"రెండు ఉత్తరాలు పంపాం వీరా. నువ్వు ఉలకవు, పలకవు."

"నాకు ఒక్కటీ అందలేదండీ, ఒట్టు."

"అందరూ అదే అంటారు మేట్."

ఇవాళ గురువారం.

పదేళ్ల కూతురు సాహిత్య స్కూలు బ్యాగు తగిలించుకుని గేటు దాకా వచ్చి ఆగింది. "డాడ్, ఆర్ వీ మూవింగ్ అగైన్?"

"లేదు నాన్నా. ఇవాళ చెక్కు వచ్చేస్తుంది. నువ్వు వెళ్లు." నవ్వు తెచ్చిపెట్టుకుని చెప్పాడు. పిల్ల నమ్మలేదు. తలకాయ ఊపి వెళ్లిపోయింది.

లోపల్నుంచి భార్య కాత్యాయని కాఫీ తెచ్చిచ్చింది. పాలు తక్కువ, నీళ్లు ఎక్కువ.

"ఈ మధ్య కరెంటు బిల్లు కూడా రాలేదు, గమనించారా? గ్యాస్‌దీ రాలేదు" అంది. "పోన్లెండి, దేవుడు అటువైపన్నా దయ తలిచాడు."

"మంచి రోజులు మొదలైనట్టే కాత్యా. ఆ ఒక్క చెక్కూ వస్తే గట్టెక్కుతాం."

మధ్యాహ్నం దాటాక వీధి మలుపులో పసుపుపచ్చ బండి కనిపించింది. ఆ రూటుకి కొత్తగా వచ్చిన అమ్మాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. పక్కింటి పోస్టు డబ్బాలో ఏవో పడేసి, వీర ఇంటి డబ్బా దగ్గర బండి నెమ్మది చేసింది. డబ్బా వంక చూసింది, చేతిలో కట్ట వంక చూసింది.

"నథింగ్ ఫర్ దిస్ వన్, సారీ."

"ప్లీజ్, ఇంకోసారి చూడమ్మా. గవర్నమెంట్ చెక్. మై రెంట్..."

ఆమె జాలిపడి కట్ట మళ్లీ తిరగేసింది. "నో మేట్. ఈ ఇంటికి ఏం లేవు." బండి కదిలింది.

అంతే, వీరకి ఒళ్లు తెలియలేదు. బండి వెనకాల పరిగెత్తాడు. నా చెక్కు ఏం చేశావ్, ఎక్కడ పారేశావ్, మీ ఆఫీసుకి కంప్లయింట్ ఇస్తా అని అరిచాడు. సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో. ఎదురింటి ముసలాయన గొట్టంతో మొక్కలకి నీళ్లు పడుతూ అలాగే ఉండిపోయాడు. కాత్యాయని వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఆ పిల్లని అంటే ఏం లాభం అండీ! భృతి ఆఫీసుకి ఫోన్ చెయ్యండి."

చేశాడు. ఫోన్లో పాట ఆగకుండా మోగింది. చార్జింగు అయిపోవచ్చే వేళకి ఒకామె పలికింది. వివరాలు అడిగింది. టకటకా టైపు చేసింది.

"మీ చెక్కు తిరిగొచ్చింది మిస్టర్ వీర. మళ్లీ పంపాం. మళ్లీ తిరిగొచ్చింది."

"తిరిగి రావడమేంటండీ?"

"ఆ వీధిలో అలాంటి ఇల్లు లేదని రాసి ఉంది."

"లేకపోవడమేంటి! నేను ఆ ఇంట్లోనే నిలబడి మాట్లాడుతున్నాను." అడ్రసు గడగడా అప్పజెప్పాడు. ఆమె దగ్గరున్నదీ అక్షరాలా అదే. మరి తప్పెక్కడుందో ఇద్దరికీ తెలియలేదు.

"రేపటిలోగా అందకపోతే మేం రోడ్డున పడతామండీ. మా పాప ఇక్కడే చదువుతోంది." ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర ఏడ్చేస్తున్నందుకు సిగ్గేసింది, అయినా ఏడుపు ఆగలేదు.

"ఐ యామ్ సో సారీ. ఇప్పుడు పంపినా వచ్చే వారమే అందుతుంది" అందామె మెల్లగా. "అదైనా తిరిగి రాకూడదు కదా. ఒకసారి బయటికి వెళ్లి, మీ పోస్టు డబ్బా మీద ఏం రాసి ఉందో చదివి చెప్తారా?"

వీర ఫోను చెవికి ఆనించుకునే గేటు దాకా నడిచాడు. డబ్బా మీదికి వంగాడు. చదవబోయి ఆగిపోయాడు.

"మిస్టర్ వీర? ఆర్ యూ దేర్?"

రెండూ ఆరూ కలిస్తే ఎనిమిది, అది శని అంకె, ఆ నంబరున్న ఇంటికి డబ్బు చేరనే చేరదు అని బెజవాడ నుంచి శేషగిరి సిద్ధాంతిగారు వీడియో కాల్లో చెప్పిన రోజే, మొత్తం తొమ్మిది వచ్చేలా డబ్బా మీద ఇరవై ఆరు పక్కన ఒకటి అతికించి, ఇంటి నంబరును రెండు వందల అరవై ఒకటి చేసింది తనే.